నూతి నీళ్లలో ఐదు ఉద్యోగాలు: బడి సైన్స్ కార్యక్రమాలతో పిల్లల దారి వెతకడం ఎలా

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం పదిరోజుల్లోనే ఎంపీసీనా, బైపీసీనా అన్నది తేల్చేయాల్సి వస్తోంది. కాలేజీ పీఆర్వోలు అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంటారు. పిల్లనడిగితే డాక్టరంటుంది, పిల్లాడినడిగితే సాఫ్ట్‌వేరంటాడు. డాక్టరు పొద్దుట్నుంచి ఏం చేస్తుందో, ప్రోగ్రామరు ఎనిమిది గంటలు దేనితో కుస్తీ పడతాడో ఇద్దరికీ తెలీదు. మనమూ చూపించలేదు.

చూపించే వీలు బడిలోనే ఉంది. ఇన్‌స్పైర్ మానక్ (పిల్లల కొత్త ఆలోచనలకి కేంద్రం ఇచ్చే అవార్డు), బాలల సైన్స్ కాంగ్రెస్, ఇస్రో యువిక శిబిరం, అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే బడి ప్రయోగశాల), జిల్లా సైన్స్ ఫెయిర్ అన్నీ అందుకు పనికొచ్చేవే. షీల్డు వస్తే సంతోషమే. అంతకన్నా విలువైనది, ఏ పని తన చేతికి నప్పుతుందో పిల్లలు పద్నాలుగేళ్లకే రుచి చూడగలగడం. అందుకు వీటిని ఎలా వాడుకోవాలో తల్లిదండ్రులకీ, గైడ్ టీచర్లకీ వరుసగా చెబుతున్నాం. ఉదాహరణలు శ్రీకాకుళం జిల్లావి. విజయనగరం వాళ్లకి ఊళ్ల పేర్లు మారతాయి, పద్ధతి ఇదే.

ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టండి

తొమ్మిదిలో చూద్దాంలే అనుకుంటే కొన్ని అప్పటికే చేయి దాటిపోతాయి. యువిక సంగతే తీసుకోండి. ఇస్రో 2019లో మొదలుపెట్టిన ఈ రెండు వారాల శిబిరం తొమ్మిదో తరగతి పిల్లలకి. దరఖాస్తులు వేసవికి ముందు తీసుకుంటారు, శిబిరం మే నెలలో. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకే 50 శాతం వెయిటేజీ. ఆన్‌లైన్ క్విజ్‌కి 10 శాతం. సైన్స్ ఫెయిర్లో పాల్గొన్నందుకు, అది బడి స్థాయా, జిల్లా స్థాయా, రాష్ట్ర స్థాయా అన్నదాన్ని బట్టి 10 శాతం దాకా. పంచాయతీ పరిధిలోని బడిలో చదివితే 15 శాతం. ఈ చివరి అంకెని రెండుసార్లు చదవండి. మందస, కొత్తూరు వైపు పల్లె బడిలో చదివే పిల్లకి పట్నం పిల్లకన్నా 15 శాతం ముందే ఉంది. అయినా దరఖాస్తే పెట్టకుండా వదిలేస్తున్నవాళ్లు చాలామంది. ఎనిమిదిలో ఒక్క జిల్లా స్థాయి ఫెయిర్‌కి వెళ్లొచ్చి, ఆ సర్టిఫికెట్ దాచుకుంటే తొమ్మిదిలో పనికొస్తుంది. నిబంధనలు ఏటా కొద్దిగా మారతాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసే నింపండి.

ఏడాదిని ఇలా పంచుకోండి. జూన్ 12 ప్రాంతంలో బడి తెరిచాక రెండు వారాలు ప్రశ్న వెతకడానికి. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఇన్‌స్పైర్ ఆలోచనలు పంపే కాలం. ఫిజిక్స్ టీచర్ల సంఘం పెట్టే జూనియర్ సైన్స్ ఒలింపియాడ్ తొలి పరీక్ష నవంబరులో ఉంటుంది, పేరు నమోదు దానికి రెండు మూడు నెలల ముందే. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి ఊళ్లోనే ప్రదర్శన. ఒలింపియాడ్ లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకే, అందరినీ తోయకండి.

ప్రశ్న ఊళ్లోంచే రావాలి

వాన పడితే మోగే అలారం, అంధులకి స్మార్ట్ కర్ర, సిరంజీలతో జేసీబీ. ప్రతి జిల్లా ప్రదర్శనలోనూ ఇవే వరుసగా కనిపిస్తాయి. వీడియో చూసి చేసినవని జడ్జికి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. అసలు నష్టం వేరే ఉంది: వేరేవాళ్లు తేల్చేసిన ప్రశ్నకి నమూనా అతికిస్తే పిల్లలకి అట్టా జిగురూ తప్ప ఏ పనీ పరిచయం కాదు.

పలాస వెళ్లి జీడిపిక్కలు వలిచేవాళ్ల దగ్గర ఒక గంట కూర్చోబెట్టండి. పిక్క పెంకులో ఉండే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది, వేళ్లు నల్లబడతాయి. పిల్లలు లెక్కపెట్టాల్సినవి: నిమిషానికి ఎన్ని పిక్కలు, ఒక్కో పిక్కకి వేలికి ఎన్నిసార్లు జిడ్డు తగులుతోంది. అడగాల్సినవి: గ్లౌజులు వేసుకుంటే ఏం ఇబ్బంది? పట్టు తెలియక పప్పు విరుగుతోందా? గుండుకీ బద్దకీ ధరలో ఎంత తేడా? ఈ లెక్కలతో తిరిగొచ్చిన పిల్ల దగ్గర ఇన్‌స్పైర్‌కి పంపదగ్గ ప్రశ్న ఉన్నట్టే. పొందూరులో దూదిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ పళ్ల మధ్య ఎడం ఎంత, దువ్వెనతో ఎందుకు కుదరదు అన్నదీ అలాంటి ప్రశ్నే. కొలవగలిగిందా, నడిచి వెళ్లేంత దూరమా, ఐదు నెలల్లో తేలుతుందా అన్న మూడూ చూసుకోండి.

ఇప్పుడు ఒక ప్రాజెక్టుని మొదట్నుంచీ చివరిదాకా చూద్దాం. ఊరి నూతులూ బోర్ల నీళ్లు.

నీటి ప్రాజెక్టు, అడుగడుగునా

ఐదుగురు పిల్లలు చాలు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ఒకటి, పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చూపే) కాగితాలు, అర లీటరు సీసాలు పది, చెరగని మార్కరు, తాడు కట్టిన చిన్న బకెట్టు, ఒక లాగ్ బుక్కు. మామూలు రకం మీటరు కొంటే అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే.

1. ఐదు నూతులు, ఐదు బోర్లు ఎంచుకుని నూ1, నూ2, బో1 అని పేర్లు పెట్టండి. చేత్తో ఊరి పటం గీసి గుర్తించండి. ఇంటి యజమానుల పేర్లు పటంలో గానీ, ఛార్టులో గానీ రాయకూడదు.

2. జూన్ ఆఖరి నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి, బడికి ముందు, ఎప్పుడూ అదే వేళకి వెళ్లండి. పది సార్లవుతుంది. వానల మొదట్లో, మధ్యలో, తర్వాత నీరెలా మారిందో అప్పుడే కనిపిస్తుంది.

3. బోరు ఐదు నిమిషాలు కొట్టి, పైపులో నిలవ నీరు పోయాకే పట్టండి. నూతిలో బకెట్టుని పైతేట కాకుండా ఒక అడుగు లోపలికి ముంచాలి. నూతి గట్టు దగ్గర పెద్దవాళ్లు ఒకరు తప్పనిసరి.

4. సీసాకి పేరు, తేదీ ఇంటి దగ్గరే రాసుకోండి. తడి సీసా మీద మార్కరు నిలవదు. పట్టబోయే నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, మూతి దాకా నింపి బిగించండి.

5. మీటరుని గీత దాకా ముంచి, ఒకసారి కదిపి బుడగలు పోనిచ్చి, అంకె ఆగేదాకా చూడండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె రాయండి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్లేటప్పుడు మీటరు కడగాలి.

6. ఒకే కంపెనీ నీళ్ల సీసా ఒకటి పక్కన పెట్టుకుని, ప్రతిసారీ ముందు దాన్ని కొలవండి. పోయినసారి వచ్చిన అంకెకీ ఇప్పటిదానికీ బాగా తేడా ఉంటే మీటరుదే తప్పు. ముందు బ్యాటరీ మార్చి చూడండి.

7. ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం ఇంట్లో తేలేవి కావు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకి హెడ్‌మాస్టరు లేఖతో వానల మొదట్లో ఒకసారి, తర్వాతొకసారి సీసాలు పంపండి. పంచాయతీలో నీటి పరీక్ష కిట్టు ఉందేమో కూడా అడగండి. ఆ కిట్టులో బాక్టీరియా పరీక్షకి చిన్న సీసాలుంటాయి. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలినం చేరిన నీరు నల్లబడుతుంది. నల్లబడ్డ సీసాని పిల్లలు తెరవకూడదు. పెద్దవాళ్లే బ్లీచింగ్ పొడి నీళ్లు పోసి పారేయాలి.

పోల్చడానికి తాగునీటి జాతీయ ప్రమాణాలు ఇవి: టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరక్కపోతే 2000 దాకా, పీహెచ్ 6.5 నుంచి 8.5, ఫ్లోరైడు 1, తప్పదంటే 1.5, నైట్రేటు 45.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, కూల్‌డ్రింకు సీసా సరిగా కడక్కుండా వాడతారు, టీడీఎస్ అంకె ఎగిరిపోతుంది. ఒక వారం వెళ్లడం మానేసి, ఉజ్జాయింపుగా అంకె వేసేస్తారు. ఆ గడి ఖాళీగా వదలమని చెప్పండి. ఖాళీ ఎందుకని జడ్జి అడిగితే 'ఆ రోజు వాన, వెళ్లలేదండి' అనడం కన్నా మంచి జవాబు లేదు. టీడీఎస్ ఎక్కువ కాబట్టి ఫ్లోరైడు కూడా ఎక్కువని రాసేస్తారు. మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే గానీ, అందులో ఏది ఎంతో చెప్పదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఉద్దానంలో జరుగుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పిల్లలకి కిడ్నీ జబ్బు పక్కింటి సంగతి. కాబట్టి ఛార్టు చివర 'ఈ నీళ్ల వల్లే కిడ్నీలు పోతున్నాయి' అని రాసేయాలనిపిస్తుంది. ఇదే కారణమని ఏ పరిశోధనా ఇంతవరకు తేల్చి చెప్పలేదు. 'మా పది చోట్లలో ఇంత వచ్చింది, కారణం చెప్పడానికి ఇది చాలదు' అని రాయించండి. అలా రాయగలిగిన పిల్లకి పరిశోధన అంటే ఏమిటో తెలిసింది. ఇంటింటికీ వెళ్లినప్పుడు ఎవరికి జబ్బుందని అడగనివ్వకండి. ఏ నీళ్లు తాగుతారు, ఎక్కడ నుంచి తెస్తారు, బిందె ఎన్నాళ్లకి కడుగుతారు, ఇంతే.

పని మార్చి మార్చి చేయించండి

ఆ నూతి చుట్టూ ఐదు పనులున్నాయి. నీళ్లు పట్టి పటం గీయడం ఒకటి. భూగర్భ జల శాఖ వాళ్లూ, జియాలజీ చదివినవాళ్లూ చేసే పనికి అది తొలి మెట్టు. కొలత రెండోది. ఓపిగ్గా, చేయి వణక్కుండా, మూడుసార్లు. ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియనూ, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసే కెమిస్టూ రోజంతా చేసేది అదే. మీటరు ఎందుకు తప్పు చూపిస్తోందో వెతికి బాగుచేయడం మూడోది, అది ఎలక్ట్రానిక్స్. అంకెలు పట్టికలో వేసి గ్రాఫు గీయడం స్టాటిస్టిక్స్, కంప్యూటరు. ఇంటింటికీ వెళ్లి మాట్లాడి నమ్మకం సంపాదించడం నర్సులూ, ప్రజారోగ్యం వాళ్లూ, విలేకరులూ చేసే పని.

ఐదుగురు పిల్లలు, ఐదు పనులు, పది సార్లు. అంటే ఒక్కొక్కరూ ప్రతి పనీ సరిగ్గా రెండుసార్లు చేస్తారు. ఈ లెక్క తప్పనివ్వకండి. బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి 10 - 17 ఏళ్ల పిల్లలతో ఇలాంటి స్థానిక ప్రాజెక్టులే చేయిస్తోంది. ఆ ఏడాది ప్రకటన వస్తే, జట్టులో ఎంతమందిని రాయాలో చూసి పేర్లివ్వండి. పేరు లేనివాళ్లు కూడా పనిలో ఉండాలి.

వదిలేస్తే ఏమవుతుందో తెలిసిందే. చేతిరాత బాగుందని ఆడపిల్లలకి ఛార్టు, తీగలు కలపడం మగపిల్లలకి. ఐదు నెలలయ్యాక ఆ పిల్లకి తీగలంటే ఇష్టమో కాదో ఎవరికీ తెలియదు, తనకి కూడా. గట్టిగా మాట్లాడే పిల్లాడే ప్రతిసారీ జడ్జి ముందు నిలబడతాడు. పట్టిక గోడకి అంటించి, ఈ రోజు ఏ పని ఎవరిదో అందరికీ కనిపించేలా చేస్తే ఇది చాలావరకు ఆగుతుంది. ఇంకొకటి, నమూనా నాన్నగారు చేసి పిల్లాడి చేత ఉపన్యాసం బట్టీ పట్టించడం. బహుమతి వచ్చినా పిల్లాడికి మిగిలేది ఉపన్యాసమే.

లాగ్ బుక్కు కాకుండా ఎవరి నోటుబుక్కు వాళ్లకి ఉండాలి. మూడు గడులు: ఏం చేశాను, ఎంతసేపు, మళ్లీ చేయమంటే చేస్తానా, ఎందుకు. రెండు మూడు వాక్యాలు, అదే రోజు. 'రెండోసారి అంకె వేరే వచ్చింది, ఎందుకో తేలేదాకా ఇంటికెళ్లబుద్ధి కాలేదు' లాంటి వాక్యం కనిపిస్తే కింద గీత గీసి ఉంచండి. 'బాగుంది' అని మాత్రమే ఉంటే ఏం బాగుందో అడగండి. మొదటిసారి విసుగొచ్చిందని కొట్టిపారేయకూడదు, చేతకానప్పుడు ఏ పనైనా విసుగే. రెండోసారి ఏం రాశారన్నది ముఖ్యం. ఎండ మీద కోపమా, జట్టులో పిల్లాడి మీద కోపమా, నిజంగా ఆ పని మీదేనా అన్నది మీరు కూర్చుని విడదీయాలి.

ల్యాబ్ తాళం తీయించండి

మీ బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే అది 20 లక్షల రూపాయల దాకా గ్రాంటుతో వచ్చింది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు చేతులు పెట్టడానికే. వారానికి రెండు పీరియడ్లు వరసగా ఇవ్వమని హెడ్‌మాస్టరు గారిని అడగండి. ఒక్క పీరియడులో సామాను బయటకి తీసి లోపల పెట్టడమే సరిపోతుంది.

మొదట ఎల్‌ఈడీ వెలిగించడం. మధ్యలో 220 ఓమ్‌ల రెసిస్టరు పెట్టకపోతే మాడిపోతుంది. ఒకటి రెండు మాడితే మాడనివ్వండి. తర్వాత ఆర్డుయినోకి (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) మట్టి తేమ సెన్సారు. బోర్డు కంప్యూటరుకి కనబడకపోతే ముందు కేబులు మార్చి చూడండి. ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే కేబుళ్లతోనే సగం పిల్లలు నిరుత్సాహపడిపోతారు. చవక రకం బోర్డయితే కంప్యూటరు దాన్ని గుర్తించడానికి సీహెచ్340 డ్రైవరు అనే సాఫ్ట్‌వేరు వేయాలి. రెండు కాళ్ల తేమ సెన్సారుకి ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచితే కొన్ని వారాల్లో కాళ్లు తుప్పుపట్టి తినేసుకుంటాయి. కొలిచే క్షణంలోనే కరెంటు అందేలా ప్రోగ్రాం రాయించండి, లేదా లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం కొనండి. సెన్సారు పాడైనప్పుడు ఎవరు విసుక్కుని లేచిపోయారు, ఎవరు మల్టీమీటరు తీశారు అన్నది గమనించండి. ఆ రెండోవాళ్లకి పాలిటెక్నిక్ సంగతి చెప్పాలి.

ఇన్‌స్పైర్ కాగితాలు

బడి తరపున ఇన్‌స్పైర్ వెబ్‌సైటు అయిన ఈ-మియాస్ పోర్టల్‌లో ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు. ఎంపికైతే నమూనాకి 10,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే పడతాయి. అసలు చిక్కు అక్కడే. ఖాతాలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బడి రికార్డులో మరోలా ఉంటుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్నదీ తేడాయే. ఏడాదిగా లావాదేవీ లేక ఖాతా నిద్రపోయి ఉంటుంది. జూన్‌లోనే బ్యాంకుకి తీసుకెళ్లి వంద రూపాయలు వేయించి చూడండి.

ఆలోచనని తెలుగులోనే రాసి పంపొచ్చు. ఇబ్బంది ఎవరికి, ఇప్పుడెలా నెట్టుకొస్తున్నారు, మీ ఆలోచనలో కొత్తదేంటి, ఎలా పనిచేస్తుంది అన్న నాలుగింటికీ జవాబు ఉండాలి. బొమ్మ పిల్లలే గీయాలి. గీత వంకరగా ఉన్నా ఫరవాలేదు.

పని చేసేవాళ్లని కలవండి

నోటుబుక్కులో ఏ పని కింద గీతలు ఎక్కువున్నాయో, ఆ పని చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. రాగోలు వరి పరిశోధనా స్థానం, నైరా వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, వలస పక్షులొచ్చే కాలంలో తేలినీలాపురం, మీ మండలం పశువైద్యశాల, పీహెచ్‌సీ ల్యాబు. విజయనగరం వాళ్లకి చిరుధాన్యాల పరిశోధనా స్థానం, గరివిడి పశువైద్య కళాశాల ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుపానుల మీద కన్నేసి ఉంచే కేంద్రం విశాఖలోనే ఉంది. వాతావరణం మీద ఆసక్తి ఉన్న పిల్లకి ఆ ప్రయాణం దండగ కాదు.

పదిహేను రోజుల ముందు హెడ్‌మాస్టరు సంతకంతో లేఖ ఇవ్వండి. ఎనిమిది మందికి మించి వద్దు, బస్సెడు పిల్లలు వెళితే అది విహారయాత్రే. సోమవారం పెట్టుకోకండి, అధికారులు అర్జీల కార్యక్రమంలో ఉంటారు. పిల్లలు అడగాల్సినవి ముందే రాసుకోవాలి. నిన్న ఆఫీసుకొచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఏం చేశారు? ఈ పనిలో విసుగు పుట్టించేదేంటి? ఏ పరీక్ష రాశారు, ఎన్నోసారికి వచ్చింది? మొదటి జీతం ఎంత? ఇక్కడ పదో తరగతి తర్వాత డిప్లొమాతో చేరినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లతో పది నిమిషాలు విడిగా మాట్లాడించండి. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది ఉన్న పిల్లలకి శాస్త్రవేత్త మాటకన్నా ఆ పది నిమిషాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

గ్రూపు ఎంచుకునే వారం

పదో తరగతి పరీక్షలయ్యాక, ఫలితాలకి ముందే, నోటుబుక్కు తీసి మీరూ, పిల్లలూ కలిసి చదవండి. మామూలు ఎంపీసీ తీసుకుంటే వైద్యం, వ్యవసాయం, పశువైద్యం పోతాయి. బైపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్ పోతుంది. ఫార్మసీకి రెండువైపుల నుంచీ వెళ్లొచ్చు. ఎటూ తేలకపోతే లెక్కలూ, బయాలజీ రెండూ చదివే వీలుందా అని కాలేజీలో అడగండి.

ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. వ్యవసాయ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా. ఎచ్చెర్ల దగ్గరున్న శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సు. గురుకులాలు కాని ప్రభుత్వ బడుల పిల్లలకి అక్కడ అదనంగా 4 శాతం స్కోరు కలుపుతారు. పరిశోధనే కావాలన్న పిల్లకి తిరుపతి ఐసర్‌తో (సైన్స్ చదువులకీ, పరిశోధనకీ కేంద్ర సంస్థ) పాటు, ఇచ్ఛాపురం దాటగానే వచ్చే బరంపురం ఐసర్ కూడా ఉంది. అక్కడికి ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష.

పదో తరగతితో చేరేవాటి దరఖాస్తులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు, సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్లు ఏప్రిల్‌లోనే ఒక ఫైలులో పెట్టి, రెండేసి జిరాక్సులు తీయించండి. ఏ కాలేజీ అన్నది తేలేదాకా టీసీ, మార్కుల మెమో ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. సీటు ఖాయం చేస్తామని పీఆర్వో అడిగినా జిరాక్సే ఇవ్వండి. ఇచ్చాక మనసు మారితే ఆ ఒరిజినల్స్ వెనక్కి రాబట్టుకోవడానికే నెల పడుతుంది.